మీటరమ్మ గీసిన గీత

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. చేతిలో ఎప్పుడూ ఆ టకటకమనే రేడియేషన్ మీటరు ఉంటుంది కాబట్టి మీటరమ్మ. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ మీటరమ్మే. ఆవిడ వస్తోందంటే జనం గోడవారకు జరిగిపోతారు, ఆవిడ ఒంట్లోంచే కిరణాలు వస్తున్నట్టు. మొదట్లో ఆవిడకు నవ్వొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు, మోకాళ్ల నొప్పి తప్ప.

ఆవిడ ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, మనుషుల్ని దూరం జరగమనడం. చదివింది భౌతికశాస్త్రం. చేసేది మాత్రం ఆసుపత్రి నేలమాళిగలో ఒక సీసం తలుపు ముందు కాపలా. థైరాయిడ్ గ్రంథికి కేన్సర్ వచ్చి కోసి తీసేశాక, అక్కడా ఇక్కడా మిగిలిన కణాలను చంపడానికి రేడియోధార్మిక అయోడిన్ మాత్ర మింగిస్తారు. మింగినవాళ్లు కొన్నాళ్ల పాటు తామే కిరణాలు వెదజల్లుతుంటారు. అది తగ్గేదాకా ఆ తలుపు వెనక ఒంటరిగా ఉండాలి. లోపల, మంచానికీ గుమ్మానికీ మధ్య, నేల మీద పసుపు టేపుతో ఒక గీత ఉంటుంది. రోగి ఆ గీత దాటి ఇటు రాకూడదు, వచ్చినవాళ్లు దాటి అటు పోకూడదు. ఆ టేపు అంటించింది మీటరమ్మే, ఊడినప్పుడల్లా వంగి మళ్లీ అంటించేదీ ఆవిడే.

కొత్తలో ఆవిడ ప్రతి రోగి దగ్గరా కూర్చుని ఓపిగ్గా చెప్పేది. కాగితం మీద సున్నాలు చుట్టి, పరమాణువంటే ఇది, మధ్యలో కేంద్రకం ఇది, అందులోంచి బయటికొచ్చేవి ఇవీ అని వివరించేది. వినేవాళ్లు తలలూపి, చివర్లో "ఇంతకీ జుట్టు ఊడిపోతుందా?" అని అడిగేవాళ్లు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, అందరూ అదే. ఎంతకాలమని చెబుతుందండీ ఎవరైనా? ముందు సున్నాలు పోయాయి. తర్వాత కేంద్రకం పోయింది. అరిగి అరిగి చివరికి మిగిలినవి రెండే ముక్కలు: "ఎవర్నీ ముట్టుకోకు. నువ్వు ముట్టుకున్నది పాడైపోతుంది." ఈ రెండు ముక్కలతో పని చక్కగా జరిగిపోతోంది. భయపడ్డ రోగి గీత దాటడు. గీత దాటకపోతే మీటరమ్మకు తలనొప్పి ఉండదు.

ఇప్పుడు లోపలున్నది బట్టలు కుట్టే మనిషి, నలభై ఏళ్లు నిండలేదు. మాత్ర మింగేముందు ఆ రెండు ముక్కలూ విని, సరే మేడమ్ అంది. జుట్టు సంగతి అడగలేదు. అలాంటి రోగిని మీటరమ్మ ఎన్నడూ చూడలేదు. చెప్పింది తు.చ. తప్పకుండా పాటించడమే కాదు, చెప్పనివి కూడా పాటించడం మొదలెట్టింది. పొద్దున, సాయంత్రం మీటరమ్మ కొలవడానికి తలుపు తీస్తే చాలు, మంచం దిగి గది అవతలి మూలకు పోయి నిలబడేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. ఊపిరి కూడా గోడవైపు తిరిగి వదిలేది. అంత దూరం అక్కర్లేదని చెబుదామని మీటరమ్మ ఒకసారి అనుకుంది. చెబితే మళ్లీ మొత్తం విడమరచాలి, కాళ్లు లాగుతున్నాయి. పోనీలే, జాగ్రత్త మంచిదేగా అని తలుపు మూసేసింది.

ఆ తప్పు అంత ఖరీదు చేస్తుందని ఎవరికి తెలుసు?

మూడో రోజు మధ్యాహ్నం రోగి తమ్ముడు వచ్చాడు. కరెంటు పని చేసే మనిషి, చొక్కా జేబులో టెస్టరు అలాగే ఉంది. మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చాడేమో ఆయాసపడుతున్నాడు. వాళ్ల నాన్న ఇదే ఆసుపత్రిలో నాలుగో అంతస్తులో ఉన్నాడట. గుండె చాన్నాళ్లుగా బాగోలేదు, నిన్న ఒక్కసారిగా ఊపిరి అందక పడిపోయాడు. చేయగలిగిందంతా చేశాం, ఇవాళో రేపో అంటున్నారట పైన. పెద్దాయనకు తెలివి ఉంది. తెలివి ఉన్నంతసేపూ కూతుర్నే అడుగుతున్నాడు.

అడగడమంటే ఊరికే అడగడం కాదు. కూతురు ఆసుపత్రిలో చేరిన సంగతి ఆయనకు తెలియదు. గుండె జబ్బు మనిషి, తట్టుకోలేడని కేన్సర్ మాటే చెప్పలేదు. మెడకు ఆపరేషన్ జరిగినప్పుడు ఏదో చిన్న గడ్డ అన్నారు. ఈ మాత్ర కోసం బయల్దేరే ముందు రోజే కుట్టు మిషను సొరుగులో ఆయన దాచుకున్న సిగరెట్ పెట్టె కూతురి కంట పడింది. అసలే తన భయంలో తనుంది, దానికి ఇది తోడైంది. వీధి వీధంతా వినపడేట్టు అరిచి, "ఇక నీ మొహం చూస్తే ఒట్టు" అనేసింది. మర్నాడు సంచీ పట్టుకుని, పని మీద ఊరెళ్తున్నానని చెప్పి వచ్చేసింది. పెద్దాయన లెక్క పెద్దాయనది. కూతురు ఒట్టు పెట్టుకుంది, ఇల్లు వదిలిపోయింది, తను చావు మంచం మీదున్నా రావడం లేదు. అంతే.

"మా అక్కని ఒక్కసారి పైకి పంపండి మేడమ్," అన్నాడు తమ్ముడు. "ఆయన అలా అనుకుంటూ పోకూడదు."

కుదరదంది మీటరమ్మ. ఆలోచించి అన్నది కాదు, నోరు దానంతటదే అంది. రీడింగు ఇంకా దిగలేదు, పైన వార్డు నిండా జనం, వాళ్లలో కడుపుతో ఉన్న నర్సు కూడా ఉంది, దారిలో లిఫ్టు ఒకటి. పోనీ నాన్ననే ఇక్కడికి తెస్తామన్నాడతను. బయటివాళ్లకు ఇంతకు మించి కిరణాలు తగలకూడదని హద్దు ఉంటుందని, మీ నాన్నకైనా అదే హద్దని చెప్పింది.

"తగిలితే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు. ఎక్కువ తగిలితే మాత్రం ఏ ఇరవై ఏళ్లకో కేన్సర్ వచ్చే అవకాశం రవ్వంత పెరుగుతుంది."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. కోప్పడలేదు. కోప్పడ్డా బాగుండేది. "మా నాన్నకి రేపు ఉందో లేదో తెలీదు మేడమ్," అని, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

మీటరమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇన్నేళ్ల చదువూ ఇన్నేళ్ల ఉద్యోగమూ కలిసి, రేపు ఉంటాడో లేదో తెలియని మనిషిని ఇరవై ఏళ్ల తర్వాతి జబ్బు నుంచి కాపాడుతున్నాయన్నమాట. ఇంట్లో మనవడు పరిగెత్తుకొస్తే ముందు ఒక అడుగు వెనక్కి వేసి, ఆ తర్వాత గుర్తొచ్చి ఎత్తుకునే మనిషి ఆవిడ. దూరం జరగమనడం మనసులోంచి ఒంట్లోకి దిగిపోయింది. నియమాల్లో ఏముందో ఆవిడకు తెలియక కాదు. రోగిని చూసుకునే దగ్గరివాళ్లకు, అన్నీ తెలిసి ఒప్పుకున్నవాళ్లకు, హద్దు వేరు. దానికి అనుమతి ఇవ్వాల్సిందీ ఆవిడే. ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వలేదు, ఇస్తే వెయ్యి ప్రశ్నలు, వెయ్యి జవాబులు, ఎవరు పడతారని.

"లే బాబూ," అంది. "పైకి పద. నేనొచ్చి మాట్లాడతా."

తర్వాతి గంట ఎలా గడిచిందో ఆవిడకే తెలియదు. పైన హెడ్ నర్సు ఒంటికాలి మీద లేచింది, ఈ స్థితిలో మనిషిని నేలమాళిగకు దించుతారా అని. డ్యూటీ డాక్టరు కాసేపు నీళ్లు నమిలి, ఇక్కడుంచి మాత్రం మనం చేసేదేముంది, ఆయనకిష్టమైతే తీసుకెళ్లండన్నాడు. పెద్దాయనది ఒకప్పుడు బస్సు నడిపిన భారీ శరీరం, ఇప్పుడు దుప్పటి కింద ఎముకల గూడు. మీటరమ్మ వంగి, కిందికి తీసుకెళ్తున్నాం, మీ అమ్మాయి అక్కడుందని చెప్పింది. లిఫ్టు దాకా తెచ్చాక ఆయన ఆక్సిజన్ మాస్కు వెనకనుంచి ఒకటే అడిగాడు, తనే రమ్మందా, మీరు బతిమాలి ఒప్పించారా అని. మీటరమ్మ అబద్ధం చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, లిఫ్టు బటన్ నొక్కింది.

స్ట్రెచర్‌ను గది గుమ్మంలోకి తెచ్చి ఆపారు. తమ్ముడు సిలిండర్ పట్టుకుని బయటే నిలబడ్డాడు. కూతురికి ముందే కబురు చెప్పి, గౌను, గ్లవుజులు వేసుకోమన్నారు. వేసుకుంది. తీరా తండ్రిని చూడగానే, ముందుకు రావాల్సింది పోయి, వెనక్కి వెనక్కి జరిగి ఆ మూలకే అతుక్కుపోయింది. చేతులు వెనక్కి కట్టుకుంది. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకు తీయడం లేదు.

పెద్దాయన తల కొంచెం ఎత్తి చూశాడు. కూతురు దూరంగా, గోడకు ఆనుకుని. మళ్లీ తల వాల్చేశాడు. "రాదులే అమ్మా," అన్నాడు మీటరమ్మతో. "దాని పంతం నాకు తెలుసు."

మీటరమ్మ కూతురి వైపు తిరిగింది. రామ్మా, ఫర్వాలేదు, నేను చెబుతున్నాగా, అని బతిమాలింది. కూతురు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి నోరు విప్పింది.

"నేను ముట్టుకుంటే పాడైపోతుందన్నది మీరే కదా మేడమ్. మొన్న చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

న్యాయమైన ప్రశ్న.

"మొన్న చెప్పింది సగం," అంది మీటరమ్మ. "నాకు ఓపిక లేక సగమే చెప్పా. మిగతాది ఇప్పుడు విను."

అని, కాలు ఎత్తి, తను గీసిన గీతను తనే దాటి, రోగి మంచం మీద కూర్చుంది. మీటరు దుప్పటి మీద పడేసింది. అది ఊరుకుంటుందా, టకటకా కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అనుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ల కిందటో వదిలేసిన పాఠం. మొదట తడబడింది, ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి.

నువ్వు మింగినదీ ఉప్పులో రోజూ తినేదీ రెండూ అయోడినే అంది. ఏ పరమాణువుకైనా మధ్యలో కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు. కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్నో దాన్ని బట్టే పేరు. యాభై మూడుంటే అది అయోడిన్, ఇంకోటి కాదు. వాటితో పాటు న్యూట్రాన్లు కూడా ఉంటాయి, ఎక్కువా తక్కువా అయ్యేవి అవే. ఉప్పులోదానికి అన్నీ కలిపి నూట ఇరవై ఏడు. నువ్వు మింగినదానికి నూట ముప్ఫై ఒకటి. ఒకే మనిషి ఖాళీ చేతులతో వచ్చినట్టు, అదే మనిషి నాలుగు సంచులు మోసుకుని వచ్చినట్టు. వీటినే ఐసోటోపులంటారు. నీ గొంతులోని కణాలు మొహం చూసి తలుపు తీస్తాయి, సంచులు చూడవు. అందుకే ఆ మాత్ర సరిగ్గా జబ్బు ఉన్నచోటికే పోయి కూర్చుంటుంది.

"కూర్చుని?" అంది కూతురు. ఆ గొంతులో భయం పోలేదు, అయినా వింటోంది.

కూర్చుని ఆ బరువు మోయలేదు, అంది మీటరమ్మ. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది, మారుతూ ఒక ఎలక్ట్రాన్‌ను విసిరికొడుతుంది. అది బీటా. అది ఎంత దూరం పోతుందనుకున్నావ్? నువ్వు చీర అంచు మడిచి కుడతావే, ఆ మడత వెడల్పు కూడా పోదు. పక్కనున్న చెడ్డ కణాల్ని కొట్టి అక్కడే ఆగిపోతుంది. నీకు వైద్యం చేస్తున్నది అదీ. ఆల్ఫా అని ఇంకో రకం ఉంది, మోటుది, కాగితం అడ్డం పెట్టినా ఆగిపోతుంది, అది నీ మందులో లేనే లేదు. బీటా వెనకాలే వచ్చేది గామా. అది వెలుతురు జాతి, ఒళ్లు దాటుకుని బయటికొస్తుంది, గోడల్ని కూడా దాటగలదు. ఈ మీటరు మొత్తుకునేది ముఖ్యంగా దాని గురించే. నీ నుంచి మీ నాన్నకు చేరేది ఆ గామా ఒక్కటే. అది తగిలినంత మాత్రాన ఆయన నీలా అయిపోడు. వెలుతురు పడ్డ గోడ దీపం అయిపోతుందా? నీ చెమటలో, ఉమ్ములో కాస్త మందు ఉంటుంది, దానికే గ్లవుజులు, సబ్బుతో కడిగితే పోతుంది. రోజంతా పక్కన కూర్చోకూడదు, పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు, కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి పోకూడదు. అంతవరకే.

"నిన్న పైన మీ నాన్నకి సీటీ స్కాన్ తీశారు. దాంతో ఆయనకి తగిలినంత కూడా ఈ సాయంత్రమంతా నీ పక్కన కూర్చున్నా తగలదమ్మా. నువ్వు విషం కాదు. విషమన్నట్టు మాట్లాడింది నేను."

అని లేచి మూలకు వెళ్లి, వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టి ముందుకు లాగింది. మూడు రోజుల తర్వాత ఆ చేతిని ఒక మనిషి ముట్టుకోవడం అదే. కూతురు భోరుమంది.

గుమ్మంలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. ఆయన ఉన్నాడన్న సంగతే మరిచిపోయారిద్దరూ. స్ట్రెచర్ మీద పడుకుని మొత్తం విన్నాడు. బీటాలు, గామాలు అర్థమయ్యాయో లేదో గానీ, కావలసింది అర్థమైంది.

"అయితే నా మీద కోపం కాదన్నమాట."

"కోపం కాదు నాన్నా."

పెద్దాయన ముడతలు పడ్డ మొహం తేరుకున్నట్టు కనిపించింది. ఇక ఫర్వాలేదు, గండం గడిచిందని మీటరమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతలో ఆ మొహమే మారిపోయింది. కోపం కాకపోతే మరేమిటో అప్పుడు తట్టిందాయనకు. గొంతులో చెడ్డ కణాలు, వైద్యం, సీసం తలుపు.

"ఏమే, నీకా జబ్బు? ఎన్నాళ్ల నుంచి?"

కూతురు గీత దాటింది. ఎప్పుడు దాటిందో తనకే తెలియదు. స్ట్రెచర్ పక్కన మోకాళ్ల మీద కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. పెద్దాయన తల తిప్పి మీటరమ్మను అడిగాడు, దీనికి నయమవుతుందా అని. అలాంటి ప్రశ్నకు మీటరమ్మ ఎప్పుడూ డాక్టర్ని అడగండి అంటుంది. ఇవాళ అనలేదు. ఈ జబ్బుకి ఈ మందు బాగా పనిచేస్తుందండీ, చాలామంది ఇంటికెళ్లి వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు అంది. అది నిజమే. ఆయన కళ్లు మూసుకుని, తెరిచి, కూతుర్ని తిట్టడం మొదలుపెట్టాడు.

అవును, తిట్టడమే. ఇంత జబ్బు ఒంట్లో పెట్టుకుని నా సిగరెట్ల మీద పడ్డావా? నీ ఒంటి సంగతి చూసుకోవాల్సింది పోయి నా సొరుగులు వెతుకుతావా? కూతురు మాత్రం ఊరుకుంటుందా? అది నీ సొరుగు కాదు, నా మిషను సొరుగు, అంది. నాకు చెప్పకుండా దాచడానికి నేనేమన్నా పసిపిల్లాడినా అన్నాడాయన. దాచడం ఎవరి దగ్గర నేర్చుకున్నానో అడుగు అంది. ఆయన మాట మాటకీ ఆగి ఊపిరి కూడదీసుకుంటున్నాడు, కూడదీసుకుని మళ్లీ తిడుతున్నాడు. చేతులు మాత్రం ఇద్దరూ వదల్లేదు. బయట సిలిండర్ పట్టుకున్న తమ్ముడు మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

మీటరమ్మ మీటరు ఆపేసి తీసుకుని, బయటికొచ్చి తమ్ముడిని బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. కాళ్లు చచ్చిపోయాయి. ఇంతసేపు చాలు, లేవండి అని చెప్పాల్సిన వేళ ఒకటి ఆవిడ మనసులో ఉంది. ఆ వేళ వచ్చింది. లోపల, ఊపిరి ఆడనప్పుడు కిటికీ పక్కన కూర్చోవయ్యా అంటే వినవు, అని కూతురు అంటోంది. నువ్వు మందులు వేళకి వేసుకుంటున్నావా, అని ఆయన అడుగుతున్నాడు. మీటరమ్మ లేవలేదు. కాస్త పొడిగించినా హద్దు దాటదని లెక్క ఆవిడకు తెలుసు.

ఆయన మాటలు పొట్టివయ్యాయి. తర్వాత ఊఁ అనడం మాత్రం మిగిలింది. తర్వాత ఒక గొంతే వినపడింది. ఇంటికి రా, నీ సంగతి చెబుతా, అంటోంది కూతురు. ఆ పెట్టె ఎక్కడ దాస్తావో చూస్తా. వింటున్నావా? పడుకున్నట్టు నటిస్తే వదిలేస్తాననుకున్నావా నాన్నా? తిట్టు ఆపితే ఏమవుతుందో తెలిసినట్టు, ఆపకుండా తిడుతోంది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు గానీ అడుగు పడలేదు. మీటరమ్మ మీటరు బల్ల మీదే వదిలేసి లోపలికి వెళ్లింది. పెద్దాయన వెళ్లిపోయాడు. ఆవిడ కూతురి పక్కన నేల మీద కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. కూతురు ఇంకా తిడుతున్నా అడ్డు చెప్పలేదు.